పడవ ఏ రేవులో ఆగింది?

గ్రంథాలయ నాయకుల వ్యూహమంటే ఇప్పుడు కంప్యూటర్లేనన్నట్టుంది. మేం ఒప్పుకోం. 1931లో అచ్చయిన రంగనాథన్ పంచసూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలంటుంది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపారు. పుస్తకమే పాఠకుడి దగ్గరికి పోయింది. వ్యూహమంటే అదీ! అయితే ఆ పడవ ఏ రేవుల్లో ఆగింది? ఆ రేవుల్లో నీళ్లు ముంచుకునే హక్కు ఎవరికుంది? పాఠకుల సంఖ్య చెబితే చాలదు, ఏ పేటవాళ్లో కూడా చెప్పాలి.

1960 చట్టం ప్రకారం ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. మాలపల్లె, మాదిగపల్లె కూడా కడుతున్నాయి (ఇందులో మినహాయింపు లేదు మరి!). గ్రంథాలయం మాత్రం ఎక్కువచోట్ల ఊళ్లోనే. కొత్త శాఖకి జాగా చూసేటప్పుడు జిల్లా గ్రంథాలయ సంస్థలు పల్లెవాళ్లని కూచోబెట్టి అడుగుతున్నాయా?