మీ వంతు ఇంకా రాలేదు

ఫోన్ సెట్టింగ్స్ తెరిచి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్నచోట నొక్కితే చిన్న చక్రం ఒకటి తిరుగుతుంది. రెండు మూడు సెకన్లకు అది ఆగి, మీ ఫోన్ తాజాగానే ఉందన్న మాట తెర మీదికి వస్తుంది. పక్కింట్లో అదే కంపెనీ, అదే మోడల్ ఫోన్‌కు కొత్త వెర్షన్ వచ్చి అప్పటికే మూడు రోజులై ఉండవచ్చు. అప్పుడు ఎవరికైనా ముందు తన ఫోన్ మీద అనుమానం వస్తుంది, ఆ తర్వాత కంపెనీ మీద. చిన్న ఊళ్లో ఉన్నామనో, తక్కువ ధర ఫోన్ కొన్నామనో మనల్ని వెనక్కి నెట్టారని బాధపడేవాళ్లూ ఉంటారు. అప్‌డేట్లను అందరికీ ఒక్కసారే ఇవ్వకుండా విడతలవారీగా పంపడం సరైన పద్ధతేనని, అందుకోసం కొన్ని రోజులు ఆగడం మనందరికీ మేలని నేను నమ్ముతున్నాను. అయితే ఆ తెర మీది మాట నిజం కాదు. కొత్త వెర్షన్ బయటికి వచ్చాక పాత వెర్షన్‌తో ఉన్న ఫోన్ తాజాగా ఎలా ఉంటుంది? దాని వంతు ఇంకా రాలేదు, అంతే. ఆగమని అడగడానికి కంపెనీకి హక్కుంది. ఆగుతున్నామన్న సంగతి తెలుసుకునే హక్కు మనకూ ఉంది.

ఈ వంతులు ఎలా నడుస్తాయో 2013లో గూగుల్ ఆండ్రాయిడ్ ఇంజినీరు డాన్ మోరిల్ బహిరంగంగానే వివరించారు. కొత్త వెర్షన్ మొదట దాదాపు ఒక శాతం ఫోన్లకు వెళ్తుంది. ఒకటి రెండు రోజులు దాని తీరు చూస్తారు. అప్‌డేట్ వేసుకున్న ఫోన్లు మళ్లీ సర్వర్‌ను పలకరిస్తున్నాయా, లోపాల నివేదికలు పెరుగుతున్నాయా అని గమనిస్తారు. అంతా సవ్యంగా ఉంటే పాతిక శాతానికి, సగానికి, ఆ తర్వాత అందరికీ పంపుతారు. మొత్తం మీద ఒకటి రెండు వారాల పని. ఎవరు ముందన్నది లాటరీ లాంటిదేనని, బటన్ ఎక్కువసార్లు నొక్కినంత మాత్రాన వరుసలో ముందుకు జరగరని ఆయన అప్పుడే చెప్పారు. ఆ తర్వాత కొన్ని ఫోన్లలో, అడిగినవారికి ముందే ఇచ్చే ఏర్పాటు వచ్చింది గానీ అన్నింటిలో అలా లేదు. ఆపిల్ యాప్ స్టోర్‌లో యాప్ తయారీదారు విడతల పద్ధతి ఎంచుకుంటే ఏడు రోజుల లెక్క ముందే ఖరారై ఉంటుంది. ఆటోమేటిక్ అప్‌డేట్ పెట్టుకున్నవారిలో మొదటి రోజు 1 శాతానికి, తర్వాత వరుసగా 2, 5, 10, 20, 50 శాతాలకు, ఏడో రోజు అందరికీ చేరుతుంది. మధ్యలో తేడా కనిపిస్తే మొత్తం 30 రోజుల దాకా ఆపుకోవచ్చు. ఐఫోన్ అసలు సిస్టమ్ విషయంలోనూ ఇదే తీరు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అడిగినవారికి ముందు ఇస్తామని, ఆటోమేటిక్‌గా వేసుకునే ఫోన్లకు ఒకటి నుంచి నాలుగు వారాల తర్వాత పంపుతామని ఆపిల్ ఉన్నతాధికారి క్రెయిగ్ ఫెడెరిగీ 2022లో ఒక వినియోగదారుడి ప్రశ్నకు జవాబిచ్చారు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. అయితే కంపెనీలో పరీక్షించి వదలొచ్చు కదా, జనం చేత పరీక్షించడమేమిటని అడగవచ్చు. కుండలోని మెతుకులన్నీ ఒకే బియ్యం, ఒకే నీళ్లు, ఒకే మంట మీద ఉడికినవి. ఫోన్ల సంగతి అలా కాదు. ఒకే మోడల్ ఫోన్లే అయినా ఒకదాంట్లో మెమరీ కార్డు ఉంటుంది, ఇంకొకదాంట్లో గుడ్ మార్నింగ్ వీడియోలతో స్టోరేజీ అంచుల దాకా నిండి ఉంటుంది, మరొకదాంట్లో పిల్లల కోసం రెండో ప్రొఫైల్ పెట్టి ఉంటారు. లెక్క వేసి చూడండి. పదివేల ఫోన్లలో ఒకదాన్ని మాత్రమే దెబ్బతీసే లోపం ఉందనుకుందాం. కంపెనీ వందమంది చేత పరీక్షిస్తే అది కంటపడే అవకాశం ఒక్క శాతం. అదే కోటి ఫోన్లలో ఒక శాతానికి, అంటే లక్ష ఫోన్లకు పంపితే సుమారు పది చోట్ల బయటపడుతుంది. అప్పుడు ఆపేస్తే మిగతా 99 లక్షల ఫోన్లలో దెబ్బతినబోయే సుమారు 990 బతికి బయటపడతాయి. ఆ లక్ష ఫోన్లను గుడ్డిగా ఎంచడంలోనూ అర్థముంది. కొత్త వెర్షన్ రాగానే ఉత్సాహంగా వేసుకునేవారివి సాధారణంగా కొత్త ఫోన్లు, ఖాళీ స్టోరేజీ, మంచి నెట్ ఉన్నవి. లోపాలు ఎక్కువగా దాక్కునేది మిగతావారి ఫోన్లలోనే.

ఆగకుండా పంపితే ఏమవుతుందో చూడటానికి 2024 జులై 19 ఒక్కరోజు చాలు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ ఒక చిన్న ఫైలును తన వినియోగదారుల విండోస్ కంప్యూటర్లకు ఒకేసారి పంపింది. తప్పు తెలుసుకుని వెనక్కి తీసుకోవడానికి 78 నిమిషాలు పట్టింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం ఆ కాస్త సమయంలోనే 85 లక్షల కంప్యూటర్లు నీలం తెరతో కూలబడ్డాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ప్రయాణికుడి పేరు, ఫ్లైట్ నంబరు, సీటు అన్నీ పెన్నుతో రాసిన ఆ కాగితం ఫొటో దేశమంతా తిరిగింది. మొదట ఒక శాతం కంప్యూటర్లకే పంపి ఉంటే దెబ్బ 85 వేల దగ్గర ఆగేది. ఆ తర్వాత ఆ సంస్థ ఇలాంటి ఫైళ్లను కూడా విడతలవారీగానే పంపుతామని ప్రకటించింది. ఫోన్ల చరిత్రలో ఇంతకన్నా పాత ఉదాహరణ ఉంది. 2014 సెప్టెంబరు 24న ఆపిల్ విడుదల చేసిన ఐఓఎస్ 8.0.1 వేసుకున్న ఐఫోన్ 6, 6 ప్లస్ ఫోన్లలో సిగ్నల్ పోయింది, వేలిముద్ర పనిచేయలేదు. గంట, గంటంబావులో వెనక్కి తీసుకున్నా దెబ్బతిన్న ఫోన్లు 40 వేల లోపని కంపెనీయే చెప్పింది. దీనికి పక్కన 2025 ఏప్రిల్‌లో శామ్‌సంగ్ చేసినదాన్ని పెట్టి చూడండి. వన్ యూఐ 7 వెర్షన్‌ను విడతలుగా మొదలుపెట్టి, వారం రోజులకే ఆపేసింది. కొరియాలో కొన్ని ఫోన్లు లాక్ తెరుచుకోవడం లేదని వార్తలొచ్చాయి. అప్పటికి వంతు రాని వారంతా ఆలస్యమైందని విసుక్కున్నారు. లాక్ తెరుచుకోని ఫోన్ అంటే మన దగ్గర యూపీఐ లేదు, బ్యాంకు ఓటీపీ రాదు, రైలు టికెట్ చూపలేం. ఆ విసుగుకు దక్కిన ఫలం చిన్నదేమీ కాదు.

అయితే ఆ మొదటి ఒక శాతం మంది చేసిన పాపమేమిటన్నది న్యాయమైన ప్రశ్న. వాళ్లను అడగకుండానే ప్రయోగానికి పెట్టినట్టు కాదా? ఎవరో ఒకరు మొదట వేసుకోక తప్పదు. విడతలు లేకపోతే అందరూ మొదటివారే అవుతారు. ఈ సమాధానం తర్కానికి సరిపోతుంది, చెడిపోయిన ఫోన్ చేతిలో పట్టుకున్న మనిషికి సరిపోదు. అందుకే మొదటి విడతలో దెబ్బతిన్నవారి ఖర్చంతా కంపెనీయే భరించాలి. షావోమీ ఎంఐ ఏ3 ఫోన్లకు 2020 డిసెంబరు చివర్లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 అప్‌డేట్‌తో కొన్ని ఫోన్లు అసలు ఆన్ కాకుండా పోయాయి. వారంటీ ఉన్నా లేకపోయినా ఉచితంగా బాగుచేస్తామని కంపెనీ మన దేశంలో ప్రకటించింది. అలా చేయడం దయాదాక్షిణ్యాల వ్యవహారం కాకూడదు, నియమం కావాలి. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన రెండు అరల పద్ధతి కూడా ఇక్కడ పనికొస్తుంది. ఫోన్‌లో సిస్టమ్‌కు రెండు చోట్లుంటాయి. కొత్తది రెండో చోట ఎక్కుతుంది, అది లేవకపోతే ఫోన్ పాతదాంతోనే తెరుచుకుంటుంది. ఎంత చవక ఫోనైనా ఈ ఏర్పాటు లేకుండా అమ్మకూడదన్నది నా అభిప్రాయం.

వంతులు పెట్టి ఊరుకుంటే కూడా ఫలితం ఉండదు. 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ 14 వచ్చినప్పుడు, ఒకటికి మించి ప్రొఫైళ్లున్న కొన్ని గూగుల్ పిక్సెల్ ఫోన్లలో యజమానులకు తమ ఫొటోలే అందకుండా పోయాయి. ఫిర్యాదులు నెల మొదట్లోనే వచ్చాయి. కంపెనీ ఒప్పుకోవడానికి వారాలు పట్టింది, సవరణ నవంబరులో వచ్చింది. మొదటి విడత వాళ్లు కేక వేస్తే వినేవాళ్లు లేకపోతే మిగతావాళ్లను ఆపి ఉంచడం దండగ. మోరిల్ చెప్పిన ఆ ఒకటి రెండు రోజుల గమనింపే ఈ పద్ధతికి ప్రాణం.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం భద్రతది. ప్యాచ్ బయటికి రాగానే దొంగలు పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ మార్చారో చూసి, పాత కన్నం ఎక్కడుందో పట్టేస్తారు. అంటే వరుసలో చివర ఉన్నవారి తలుపు తీసి ఉందని ఊరంతా తెలిసినట్టే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ ఎన్ని రోజులు తెరిచి ఉందన్నది చూడాలి. 2017 మే 12న వనాక్రై వైరస్ ప్రపంచాన్ని కుదిపినప్పుడు చిత్తూరు నుంచి శ్రీకాకుళం దాకా ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అప్పటికి వాడుకలో ఉన్న విండోస్ వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. మధ్యలో 59 రోజులున్నాయి. విడతల కోసం పోయేది ఒకటి రెండు వారాలు. మిగతా కాలమంతా ప్యాచ్ వచ్చినా వేసుకోకపోవడం వల్ల, కాలం చెల్లిన వెర్షన్లను ఇంకా నడపడం వల్ల ప్రపంచమంతటా పోయింది. తొందరపాటుకూ తనదైన ఖరీదుంది. 2023 జులై 10న ఆపిల్ ఒక అత్యవసర భద్రతా సవరణ పంపింది. దానితో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి సైట్లు సఫారీలో సరిగా తెరుచుకోలేదు. వెనక్కి తీసుకుని, రెండు రోజులకు సరిచేసిన వెర్షన్ ఇచ్చింది. కాబట్టి భద్రతా సవరణలకూ విడతలుండాలి. వారాల్లో సాగేదాన్ని గంటల్లోకి కుదించాలి. కొత్త రంగులు, కొత్త ఎమోజీలతో కలిపి ఒకే మూటగా కట్టకుండా వాటిని విడిగా పంపాలి. 2019లో ఆండ్రాయిడ్ 10తో సిస్టమ్‌లోని కొన్ని భాగాలను విడివిడిగా అప్‌డేట్ చేసే దారి ఏర్పడింది. దాన్ని ఇంకా విస్తరించాలి.

జనం కోపంలో న్యాయం ఎక్కువగా ఉన్నది మరొక ఎదురుచూపు విషయంలో. దాన్ని విడతల ఖాతాలో వేయకూడదు. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలైంది. తొలి నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 5జీ ఫోనని డబ్బు పోసి కొన్నవారిలో చాలామంది సాఫ్ట్‌వేర్ రాక 4జీలోనే ఉండిపోయారు. ఐఫోన్లకు డిసెంబరు మధ్యలో ఐఓఎస్ 16.2తో గానీ ఆ తాళం తెరుచుకోలేదు. అది విడతల వల్ల పట్టిన సమయం కాదు, తయారీ దగ్గర పట్టిన సమయం. కొన్ని చవక ఫోన్లకు భద్రతా ప్యాచ్ నెలల తరబడి రాదు, రెండేళ్లు దాటాక అసలే రాదు. యూరోపియన్ యూనియన్ ఈ విషయంలో ఒక గీత గీసింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందించాలి. అప్‌డేట్ సోర్స్ కోడ్ బయటికి వచ్చిన నాలుగు నెలల్లోపు భద్రతా సవరణ ఫోన్‌కు చేరాలి. ఫోన్‌లోనే బ్యాంకు పెట్టుకుని తిరిగే మన దేశానికి ఇలాంటి నియమం అవసరం ఇంకా ఎక్కువ.

మళ్లీ ఆ తెర దగ్గరికి వస్తాను. రైలు టికెట్ దొరకనప్పుడు మనకు వెయిటింగ్ లిస్టు నంబరు ఇస్తారు. అది 40 నుంచి 12కి తగ్గిందని చూసుకుంటూ రోజులు గడుపుతాం. ఫలానా తేదీకి ఖాయమవుతుందని ఎవరూ మాట ఇవ్వరు, అయినా మోసపోయామని అనిపించదు. ఫోన్ కూడా అలా చెప్పవచ్చు: ‘కొత్త వెర్షన్ ఈ నెల 7న మొదలైంది. ఇప్పటికి 20 శాతం ఫోన్లకు చేరింది. మీ వంతు ఇంకా రాలేదు. ఇందులో భద్రతా సవరణ ఉంది.’ వేగం రోజురోజుకూ మారుతుంది కాబట్టి ముందే చెప్పలేమని కంపెనీలు అనవచ్చు. ఎవరూ తేదీ అడగడం లేదు. ఈ రోజు ఎక్కడున్నామో చెబితే చాలు. అలా చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం మన దగ్గర పెద్దది. మీ ఫోన్ తాజాగానే ఉందని తెర చెబుతున్నా పక్కవాడి వాట్సాప్‌లో కొత్త సదుపాయం కనిపిస్తుంటే మనిషి వేరే దారి వెతుక్కుంటాడు. నిజానికి చాలాసార్లు ఇద్దరి దగ్గరా ఉన్న వెర్షన్ ఒకటే. సదుపాయం సర్వర్ దగ్గర ఒకరికి తెరిచి, మరొకరికి ఇంకా మూసి ఉంటుంది. ఆ సంగతి తెలియని మనిషికి ఎవరో స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు పంపుతారు. గులాబీ రంగు వాట్సాప్ పేరుతో నకిలీ అప్‌డేట్ లింకులు తిరిగినప్పుడు 2023లో పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది. ట్రాఫిక్ చలాన్ పేరుతో, పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు ఖాతాలు ఖాళీ చేస్తున్నాయని ఇప్పటికీ హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి.

అందుకే ఫోన్ కంపెనీలకు నా విన్నపం ఒక్కటే: ఆ వాక్యం మార్చండి. పాఠకులకు చెప్పేది రెండు మాటలు. ప్లే స్టోర్, యాప్ స్టోర్, సెట్టింగ్స్ తప్ప మరే దారిలో వచ్చిన అప్‌డేట్‌నూ వేసుకోకండి. పొరపాటున వేసుకుని డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ వంతు వచ్చినప్పుడు మాత్రం ‘తర్వాత’ అన్న బటన్ నొక్కకండి. ఆ రాత్రే ఫొటోలు భద్రపరుచుకుని, ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టి, అప్‌డేట్ వేసి పడుకోండి.