గాటు పెట్టి, తూచి చూసి

1999లో స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో, స్పిల్లింగ్స్ అనే చోట పొలంలో 67 కిలోల వెండి బయటపడింది. 14 వేలకు పైగా నాణేలు, దాదాపు అన్నీ అరబ్ దిర్హమ్‌లే. పక్కనే వందలకొద్దీ కడియాలు. వైకింగుల సొమ్మంటే కొల్లసొమ్మే అనుకుంటాం గానీ, తూర్పు నుంచి వచ్చిన ఈ వెండిలో ఎక్కువ భాగం బేరమాడి సంపాదించిందే.

నాణెం మీద ఏ రాజు పేరుందో వాళ్లకు పట్టలేదు. బరువెంతన్నదే లెక్క. చిల్లర కావాలంటే దిర్హమ్‌నే ముక్కలు చేసేవారు, కడియాన్ని తెగ్గొట్టేవారు. వర్తకుడి దగ్గర మడతపెట్టే చిన్న త్రాసు ఉండేది. తూకపు గుండ్ల తయారీలో మాత్రం అసలైన గడుసుతనం కనిపిస్తుంది: లోపల ఇనుము, పైన కంచు తొడుగు. ఎవడైనా అరగదీసి బరువు తగ్గిస్తే ఇనుము బయటపడి దొంగతనాన్ని పట్టిస్తుంది.

వెండిలో కల్తీ ఉందేమోనన్న అనుమానమొస్తే కత్తి మొనతో చిన్న గాటు పెట్టేవారు. మన కంసాలికి గీటురాయి ఎలాగో, వాళ్లకు ఆ గాటు అలాగ. 1840లో ఇంగ్లండ్‌లో దొరికిన క్యూర్డేల్ నిధిలోనూ ఇలా గాట్లుపడ్డ వెండి ఉంది. కడియాల నగిషీ కంటే ఈ గాట్లే చూడదగ్గవి. ఆ వెండి ఎన్ని అనుమానపు చేతులు దాటిందో చెబుతాయి.

మరి వెండికి బదులుగా ఇచ్చిందేమిటి? సేబుల్ చర్మాలు, తేనె, మైనం, వాల్రస్ దంతాలు. ఓట్టార్ అనే నార్వే ఆసామి 9వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో ఆల్‌ఫ్రెడ్ రాజుకు తన ఆస్తుల సంగతి చెబుతూ, ఉత్తరాది సామీ తెగవాళ్లు కట్టే కప్పంలో పక్షి ఈకలు, వాల్రస్ తోలుతో పేనిన ఓడ తాళ్లు కూడా ఉంటాయన్నాడు. ఇంకా మనుషులు. అప్పట్లో డబ్లిన్ బానిసల పెద్ద సంత. తోలు, మైనం చాలావరకు మట్టిలో కలిసిపోయాయి. మనుషుల గుర్తుగా అక్కడక్కడ ఇనుప సంకెళ్లు దొరికాయి. మ్యూజియం అద్దాల వెనుక వెండే మెరుస్తోంది కాబట్టి, వైకింగు వర్తకమంటే వెండేననిపిస్తుంది.

922లో వోల్గా తీరాన రూస్ వర్తకులను, అంటే తూర్పుకు వెళ్లిన వైకింగులను, చూసిన ఖలీఫా రాయబారి ఇబ్న్ ఫద్లాన్ మాత్రం రెండు వైపులా రాసిపెట్టాడు. భర్త ఆస్తి పదివేల దిర్హమ్‌లకు చేరితే భార్య మెడలో ఒక కంటె, ఇరవై వేలైతే రెండు. పడవ దిగగానే వర్తకుడు కొయ్య దేవుడి ముందు రొట్టె, మాంసం, ఉల్లిపాయలు పెట్టి, తెచ్చిన ఆడపిల్లలు ఇంతమంది, సేబుల్ చర్మాలు ఇన్ని అని అప్పజెప్పేవాడు. దినార్లు, దిర్హమ్‌లు దండిగా ఉండి, చెప్పిన ధరకు మారుమాట లేకుండా కొనే ఆసామిని పంపమని మొక్కేవాడు. సరుకు కదలకపోతే మళ్లీ కానుకలు పట్టుకొచ్చేవాడు. అప్పటికీ ఫలితం లేకపోతే, పక్కనున్న చిన్న విగ్రహాలను సిఫారసు చేయమని అడిగేవాడట.