సలహా చెప్పని పెద్దమనిషి

మన ఇళ్ళల్లో దేనికి కరువొచ్చినా సలహాలకి మాత్రం రాదు. కళ్ళనీళ్ళతో ఎవరైనా గుమ్మంలోకొస్తే, కూర్చోమనేలోపే "సర్దుకుపోవాలమ్మా" అనేస్తాం. నేనూ అంతే. అంచేతనే కాబోలు, కార్ల్ రోజర్స్ రాసిన 'ఆన్ బికమింగ్ ఎ పర్సన్' చదువుతుంటే నన్నే వేలెత్తి చూపిస్తున్నట్టనిపించింది.

1961లో వచ్చిన పుస్తకమిది. రోజర్స్ (1902-1987) అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. తన దగ్గరికొచ్చేవాళ్ళని రోగులనడు, క్లయింట్లంటాడు. ఆ మాట వినగానే మనకి ప్లీడరుగారి వరండా గుర్తొస్తుంది గానీ, ఆయన ఉద్దేశం వేరు. వచ్చిన మనిషికి తన దారి తను వెతుక్కునే శక్తి ఉందని ఆయన నమ్మకం. దానికి వినేవాడు చెయ్యాల్సినవి ముఖ్యంగా మూడు. లోపలొకటి పైకొకటి లేకుండా ఉండాలి. షరతులు పెట్టకుండా ఆదరించాలి. ఆ మనిషి కళ్ళతోనే ఆ మనిషి లోకాన్ని చూడాలి.

ఈ పాఠం ఆయనకి నేర్పినవాళ్ళలో ఒక తల్లి ఉంది. రోచెస్టర్ ఊళ్ళో పిల్లల సమస్యలు చూసే రోజుల్లో, మహా పెంకి కొడుకుతో వచ్చిందామె. చిన్నప్పుడు ఆమె వాణ్ణి ఆదరించకపోవడమే కారణమని తేల్చుకుని, ఆ సంగతి నచ్చజెప్పాలని రోజర్స్ ఎంతో ప్రయత్నించాడు. ఫలితం సున్న. ఇక ఆపేద్దామని ఇద్దరూ ఒప్పుకున్నారు. గుమ్మందాకా వెళ్ళిన ఆవిడ వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్ళని కూడా చూస్తారా అని అడిగింది. మళ్ళీ వచ్చి కూర్చుని తన సంసారంలోని దుఃఖమంతా వెళ్ళబోసుకుంది. ఆయన విన్నాడు. అసలు చికిత్స అప్పుడు మొదలైంది, చివరికి బాగా ఫలించింది కూడా.

అక్కడ పుస్తకం మూసేశాను. మా బంధువులమ్మాయి గుర్తొచ్చింది. కొన్నేళ్ళ క్రితం "అత్తయ్యా, ఒక మాట" అంటూ వచ్చింది. నాలుగు ముక్కలు చెప్పేసరికే నేను పది ఉపాయాలు చెప్పాను. కాఫీ తాగి, "సరే అత్తయ్యా" అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. కష్టం తీరిందనుకున్నాను. తీరలేదట. నాతో చెప్పుకోవడం మానేసిందంతే.

అయినా రోజర్స్‌తో నాకొక పేచీ ఉంది. ఆయన గదిలో మనసు తేలికపడిన మనిషి తిరిగి వెళ్ళేది ఎక్కడికి? ఆ ఇంటికే, ఆ మనుషుల మధ్యకే. చెయ్యి చేసుకునే భర్త, చేతిలో పైసా లేని బతుకూ ఉన్నచోట లోపలి ఎదుగుదల ఒక్కటే చాలుతుందా? ఒక్కోసారి వినడంతో ఆగకుండా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురావాలి. పుస్తకం ఈ దగ్గర పల్చబడింది.

కానీ ఏ సాయం కావాలో తెలిసేదైనా ఆమెని పూర్తిగా చెప్పనిస్తేనే కదా! నవలల్లో ఒక్క ఉపన్యాసంతో మనుషుల్ని మార్చేసే నాలాంటివాళ్ళు ఇది ముందు నేర్చుకోవాలి.

ఆ అమ్మాయి ఈ పండక్కి వస్తోంది. ఈసారి కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుని, నోరు కట్టేసుకోవాలనుకుంటున్నాను. ఎంతసేపు ఉండగలనో చూడాలి!