తెలిసిన పురుగునే మళ్లీ చూడాలి

కోనసీమలో కొమ్ము పురుగును ఎరగని కొబ్బరి రైతు ఉండడు. అది మొవ్వులో దూరి లేత ఆకును నమిలేస్తుంది, పిప్పిని బయటికి తోస్తుంది. ఆ ఆకు విచ్చుకున్నాక చూస్తే కత్తెరతో కోసిన విసనకర్రలా ఉంటుంది. శాస్త్రానికీ అది కొత్తది కాదు. 1758లోనే లిన్నేయస్ దానికి పేరు పెట్టాడు. ఆ పురుగుల ఉపకుటుంబం మీద బ్రిటిష్ మ్యూజియం శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ యారో రాసిన సంపుటం బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో 1910లో వచ్చింది. ఇక వర్గీకరణకు మిగిలిన పనేముంది, ఆ శ్రమేదో ఎవరూ చూడని అడవి పురుగుల మీద పెట్టండి అనేవారున్నారు. నేను ఒప్పుకోను. మన కడుపు కొట్టే పురుగునే అన్నిటికంటే ఎక్కువసార్లు, ఎక్కువ నిశితంగా పోల్చి చూడాలి.

ముందు పెంటకుప్ప సంగతి. కొమ్ము పురుగు ఎదిగాకే చెట్టుకు శత్రువు. పిల్లపురుగుగా ఉన్న నెలలన్నీ కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో, పశువుల ఎరువులో చివికిన పదార్థం తిని బతుకుతుంది. 1996 నవంబరు తుపానులా చెట్లను వరసగా కూల్చేసే గాలి వచ్చి, ఆ మొద్దులు ఎక్కడివక్కడే ఉండిపోతే దానికి కావలసినంత చోటు. అందుకే కుప్ప తిరగేసి పిల్లపురుగుల్ని ఏరి చంపమంటారు. మంచి సలహాయే. కానీ ఆ కుప్పలో ముడుచుకుని పడుకున్న తెల్లటి పురుగులన్నీ కొమ్ము పురుగు పిల్లలు కావు. పూల మీద వాలే పెంకు పురుగుల సంతానం కూడా అక్కడ పెరుగుతుంది, చెత్తను ఎరువు చేసిపెడుతుంది. దాన్ని నేల మీద వదిలితే వెల్లకిలా తిరిగి, కాళ్లు పైకెత్తి, వీపుతో పాకుతుంది. కొమ్ము పురుగు పిల్ల అలా పాకదు. చెరకు, వేరుశనగ వేళ్లు కొరికే వేరు పురుగుదీ ఈ స్కారబ్ కుటుంబమే. దాన్ని విడదీయాలంటే పొట్ట చివరి ఖండం అడుగున ఉండే వెంట్రుకల అమరిక చూడాలి. ఎదిగిన పురుగుల్లోనూ ముందుగా కంటబడేదే మోసం చేస్తుంది. పొడుగు కొమ్మున్నది మగది అనుకుంటాం. తిండి చాలక గిడసబారిన మగదానికి కొమ్మూ చిన్నదే. ఆడదాన్ని నికరంగా పట్టిచ్చేది పొట్ట కొసన ఉండే గోధుమరంగు నూగు. దాదాపు 30 వేల జాతులున్న ఈ కుటుంబంలో పేడను నేలలో పూడ్చి పొలానికి మేలు చేసేవీ ఉన్నాయి. నూగునీ వెంట్రుకల్నీ చూసే ఓపిక లేకపోతే మనం ఎవరిని చంపుతున్నామో మనకే తెలియదు.

ఇంతకంటే బలమైన సాక్ష్యం పసిఫిక్ దీవుల్లో ఉంది. 1909లో సిలోన్ రబ్బరు మొక్కల వెంట ఈ పురుగు సమోవా చేరింది, తోటల్ని దశాబ్దాలపాటు పాడుచేసింది. 1963లో అలోయిస్ హ్యూగర్ అనే శాస్త్రజ్ఞుడు మలేసియాలో దానికి రోగం తెచ్చే వైరస్‌ను కనిపెట్టాడు. 1967లో సమోవాలో ఆ వైరస్‌ను వదిలితే పురుగు ఉధృతి తగ్గింది. 2007లో గ్వామ్ దీవిలో అదే పురుగు కనిపించింది. అదే కొమ్ము, అదే నలుపు. వైరస్‌కు మాత్రం లొంగలేదు. జన్యువులు పోల్చి చూశాక అది వేరే తెగ అని తేలింది, 2017లో ఆ పరిశోధన ప్రచురించారు. రెండున్నర శతాబ్దాలుగా పేరున్న పురుగులో ఇంత ముఖ్యమైన తేడా మొన్నటిదాకా ఎవరికీ తెలియలేదు. దాని మీద ప్రయోగించే జీవులదీ అదే కథ. ఒకప్పుడు బాక్యులో వైరస్‌ల్లో చేర్చినదాన్ని ఇప్పుడు న్యూడీ వైరస్ అంటున్నారు. మెటారైజియం అనిసోప్లియే అన్న శిలీంధ్రాన్ని 2009లో పలు జాతులుగా విడదీసి, కొమ్ము పురుగును పట్టేదానికి మెటారైజియం మేజస్ అన్న పేరు ఖాయం చేశారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో జీవనియంత్రణ మీద పనిచేసేవారికి ఇది పేర్ల గొడవ కాదు. ఏ తెగను పెంచి ఇస్తున్నామన్నదాని మీదే తోటలో ఫలితం ఆధారపడుతుంది.

పేర్లు ఇలా మారుస్తూ పోతే రైతు అయోమయంలో పడతాడన్న మాటలో న్యాయం ఉంది. అయితే రైతు తన పేరు మార్చుకోనక్కర్లేదు. కొమ్ము పురుగు అన్న మాట అతని అవసరానికి సరిపోతుంది. సరిచూసుకోవలసింది అతనికి సలహా చెప్పేవాళ్లు. జన్యు పరీక్ష వచ్చాక సూదులూ పెట్టెలూ ఎందుకన్నది మరో అభ్యంతరం. జన్యుక్రమం తనంతట తాను పేరు చెప్పదు. ఎవరో ఒకరు పురుగును సరిగ్గా గుర్తించి భద్రపరచి ఉంటేనే దాన్ని దేనితోనైనా పోల్చగలం. వ్యవసాయ, ఉద్యాన కళాశాలల విద్యార్థులు కుడి పెంకు రెక్కలోంచి సూది గుచ్చి పెట్టెలో పెట్టే కొమ్ము పురుగు ఒక్కటి చాలదు. రాజోలు, ముమ్మిడివరం, పాలకొల్లు, నరసాపురం తోటల నుంచి ఏటా కొన్ని చేరాలి, ఆడవీ మగవీ పిల్లవీ. ప్రతిదాని కింద చీటీ మీద ఊరు, తేదీ, మొవ్వులో దొరికిందో కుప్పలో దొరికిందో రాసి ఉండాలి. దింపు తీసేవాళ్లు మొవ్వులోంచి లాగి పారేసేవాటిలో కొన్నిటిని స్పిరిట్ సీసాలో వేస్తే అయ్యే ఖర్చు ఏపాటిది? రేపు మన తోటల్లో వైరస్‌కు లొంగని కొమ్ము పురుగు ఎదురైతే, అది ఇక్కడ మొదటినుంచీ ఉన్నదా, సరుకు వెంట ఓడెక్కి వచ్చిందా అని తేల్చడానికి ఆ పెట్టెలే కావాలి.