శ్రుతిమార్పులో నాణ్యత: పద్యనాటక ధ్వనిముద్రణల పరిశీలన

పద్యనాటక గాయకుల గాత్రస్థాయిని పాత గ్రామఫోన్ రికార్డుల ఆధారంగా నిర్ణయించేటప్పుడు, ఆ రికార్డు ఏ వేగంతో తిరిగిందన్నది మొదట తేలవలసిన విషయం. 78 చుట్ల రికార్డులని పేరేగాని, తొలి దశాబ్దాలలో అన్నీ కచ్చితంగా ఆ వేగంతోనే ముద్రితం కాలేదు. నిమిషానికి 70 చుట్ల వేగంతో ముద్రించిన పద్యాన్ని 78తో వినిపిస్తే స్థాయి దాదాపు రెండు అర్ధస్వరాలు పెరుగుతుంది. నాలుగు శ్రుతిలో పాడిన పద్యం ఇంచుమించు ఐదు శ్రుతిలో వినబడుతుంది. ఫలానా నటుడు ఎంత పైశ్రుతిలో పాడేవాడన్న నిర్ణయం ఇక్కడే తప్పుతుంది.

దీన్ని సరిచేయడానికి ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లలో రెండు మార్గాలున్నాయి. వేగాన్ని మారిస్తే శ్రుతి, కాలం, కంఠధ్వని కలిసి మారతాయి. రెండవ పద్ధతిలో కాలం స్థిరంగా ఉండి శ్రుతి మాత్రమే మారుతుంది. ఈ రెండవదే మేలైనదన్న అభిప్రాయం ఇక్కడ చెల్లదు. వేగదోషం మూడింటినీ కలిపి మార్చింది కనుక, వేగాన్ని సరిచేయడమే దానికి విరుగుడు. శ్రుతిని మాత్రమే దించితే గురులఘువుల నిష్పత్తి చెడకపోయినా, ఆలాపన నిడివి సెకన్లలో తప్పుగానే మిగులుతుంది.

ఒకే పద్యాన్ని ఇద్దరు నటులు వేర్వేరు శ్రుతులలో పాడిన తీరును పోల్చవలసి వచ్చినప్పుడు రెండవ పద్ధతి అవసరమవుతుంది. 1966లో ఫ్లానగన్, గోల్డెన్ ప్రతిపాదించిన ఫేజ్ వొకోడర్ ధ్వనిని ఒకదానిపై ఒకటి ఒరిగే చిన్న ఖండాలుగా విశ్లేషిస్తుంది. మార్పు పెద్దదైతే పరుషాక్షరాల ఆరంభంలోని తాకిడి మసకబారుతుంది. శ్రుతితోపాటు నోటి అనునాదాలు కూడా పైకి జరిగితే పెద్దవాని గొంతు పిల్లవాని గొంతులా పలచబడుతుంది. వాటిని యథాస్థానంలో నిలిపే సదుపాయం ఉన్న సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవాలి. ప్రాట్‌లో ఉన్న పీసోలా పద్ధతి, ఒంటరి గొంతును స్వల్పంగా మార్చినప్పుడు సహజంగానే వినిపిస్తుంది. హార్మోనియం కలిసిన రంగస్థల పద్యంలో మాత్రం కంఠకంపనపు ఆవృత్తులను అది సరిగా గుర్తించలేదు. స్వరాలను దిద్దే పరికరాల సంగతి వేరు. అవి గమకాన్ని చదును చేస్తాయి, ఆపై విశ్లేషించడానికి ఏమీ మిగలదు.

హార్మోనియం మెట్లు స్థిరమైనవి కనుక వాటి శ్రుతితో వేగాన్ని పట్టవచ్చన్న వాదానికి కొంత బలముంది. అయితే పై ఉదాహరణలోని పెరుగుదల 187 సెంట్లు. రెండు పూర్తి అర్ధస్వరాలకు, అంటే 200 సెంట్లకు, 13 మాత్రమే తక్కువ. వాద్యాలన్నీ ఒకే ప్రమాణానికి శ్రుతి చేసినవి కావు కాబట్టి, అంత స్వల్పభేదాన్ని వేగదోషానికి సాక్ష్యంగా చూపడం కుదరదు.