గోడలు లేని నీళ్లు

చెరువా, నీకు గోడ లేదు. మేం నీ దగ్గరికి వచ్చేది అందుకే.

మాకున్నవన్నీ గోడలు. ఇంటికి గోడ, బడికి గోడ, సికింద్రాబాదు కంటోన్మెంటు రోడ్ల పొడవునా పటాలం వాళ్ల గోడ. ఈతకొలనుకు సైతం నాలుగు వైపులా గోడలే. ఊపు అందుకునేలోగా చేతికి పెంకులు తగులుతాయి, వెనక్కి మళ్లాలి. అడుగున నల్లగీత ఎటు సాగితే అటే పోవాలి. నీలో గీత గీసినవాడు లేడు. ఇక చాలు, మళ్లమని ఈల ఊదేవాడు లేడు. ముందు నీళ్లు, వెనక నీళ్లు, పైన బోర్లించిన ఆకాశం. ఇంత జాగా ఒక్క మనిషికి ఈ మహానగరంలో ఇంకెవరిస్తారు?

నీ విశాలానికి దండం.

ఈ రాతినేల నిన్ను చెమటోడ్చి సంపాదించుకుంది. దక్కన్ పీఠభూమిలో మా వైపు అడుగంతా గ్రానైటు. కురిసిన వాన ఇంకే తీరిక లేక పల్లానికి పరుగెడుతుంది. ఆ పరుగుకు అడ్డంగా మట్టి మోసి కట్ట పోశారు మా పెద్దలు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకి, అదీ నిండితే దాని దిగువ చెరువుకి. గొలుసుకట్టు. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరం ఈనాటికీ నీళ్లు పట్టుకుని నిలబడ్డాయి. కట్ట తెగకుండా చూడమని కట్ట మీద మైసమ్మను నిలిపారు. నీటికి దేవతను కాపలా పెట్టుకున్న జనం మేం.

సికింద్రాబాదు పుట్టిందీ ఒక చెరువు ఒడ్డునే. 1562లో ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు హుస్సేన్ సాగర్. చార్మినార్ కన్నా దాదాపు ముప్పై ఏళ్లు పెద్దది. దానికి ఉత్తరాన ఇంగ్లీషు పటాలాలు గుడారాలు వేసుకున్న మైదానానికి 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు వచ్చింది. ఊరికంటే ముందు నీరుంది. నీరుంది కాబట్టే ఊరు నిలిచింది.

పొద్దు పొడవకముందే కట్ట దిగుతాం. గాలి ఇంకా లేవలేదు, నీటి మీద ముడత లేదు. మొదటి అడుగు ఒండ్రులో దిగబడుతుంది, కాలివేళ్ల సందుల్లోంచి మెత్తని బురద ఉబుకుతుంది. మోకాళ్లు, నడుము, ఛాతీ. మెడ దాకా దిగామా, ఒంటి బరువు పదో వంతుకి పడిపోతుంది. మోకాళ్ల నొప్పుల పెద్దమ్మకూ నిన్నగాక మొన్న ఈత వచ్చిన పోరడికీ ఒకటే తేలిక. నీళ్లు నలువైపులా ఒంటిని అదుముతాయి, కాళ్లలో నిలిచిన నెత్తురు గుండె వైపు మళ్లుతుంది. ముఖం చల్లని నీళ్లలో ముంచగానే గుండె తన పరుగు తగ్గించుకుంటుంది. నిమ్మళించమని రాత్రంతా మనసుకు చెప్పి అలసిపోయాం. నువ్వు ఒంటికి చెప్పావు, అది విన్నది.

నీ ఓదార్పుకు దండం.

ఎండాకాలంలో నీలో రెండు కాలాలు కాపురం ఉంటాయి. నిన్నటి ఎండను దాచుకున్న పైపొర వెచ్చన, తేలిక. ఎండ చేరని కిందిపొర చల్లన, బరువు. అందుకే అవి అంత తొందరగా కలవవు. బోర్లా ఈదుతున్నంతసేపూ వైశాఖం. ఆగి కాళ్లు కిందికి చాపామా, పాదాలు పుష్యంలోకి జారతాయి. ఒళ్లు ఝల్లుమంటుంది, నవ్వొస్తుంది. ఎందుకు నవ్వామో అడిగేవాళ్లు అక్కడ ఉండరు.

నీ వాసన తొలకరి వాసన. తొలి చినుకు పడ్డప్పుడు మట్టిలోంచి లేచేదీ, నీ ఒడ్డున ముక్కుపుటాలకు తగిలేదీ ఒకే పదార్థం, జియోస్మిన్. మట్టిలోని, నాచులోని కంటికి కనపడని జీవులు దాన్ని పుట్టిస్తాయి. మనిషి ముక్కు అది రవ్వంత ఉన్నా పసిగడుతుంది. ఎండిన నేల మీద బతికిన తరతరాల మనుషులకు నీళ్ల జాడ అందించిన వాసన అది. క్లోరిన్ కొలనులోంచి వచ్చినవాడు ఇంటికెళ్లి స్నానం చేస్తాడు. నీలోంచి వచ్చినవాడు ఆ వాసన కాసేపు ఒంటి మీద ఉండనిస్తాడు.

బార వేస్తే చేతిలోకి వస్తావు. గుప్పిట పడితే జారిపోతావు. చెయ్యి వెడల్పు చేసి వెనక్కి నొక్కితే మమ్మల్ని ముందుకు పంపుతావు. గాలి కన్నా దాదాపు 800 రెట్లు చిక్కనైన నీతో కుస్తీ పట్టినవాడు పది బారలకే రొప్పుతాడు. నీ మీద ఒరిగి, పొడుగ్గా సాగి, ఊపిరి నెమ్మదిగా వదిలినవాడు అవతలి ఒడ్డు చూస్తాడు. సముద్రానికి ఉప్పుంది, కాస్త ఎత్తి పట్టుకుంటుంది. మంచినీళ్ల చెరువువి, నీకు ఆ ముద్దు లేదు. మా ఊపిరితో మేమే తేలాలి.

తల ముంచి చూస్తే పచ్చని వెలుగు తప్ప ఏమీ కనిపించదు, చాపిన చేతివేళ్లు కూడా మసకే. గీత లేని చోట మనిషి నేరుగా పోలేడు. ఒక చెయ్యి బలం ఎక్కువ, ఒక పక్కకే ఊపిరి అలవాటు. గంతలు కట్టిన గానుగెద్దులా తెలియకుండానే గుండ్రంగా తిరుగుతాడు. కాబట్టి కొన్ని బారలకొకసారి కళ్లు నీటిమట్టానికి ఎత్తి గురుతు చూసుకోవాలి. అవతలి గట్టు మీద ఒంటి తాటిచెట్టు, గుట్ట మీద నిలిచిన గుండు, గుడి ధ్వజస్తంభం, ఏదీ లేకపోతే సెల్ టవర్. గోడ లేకపోవడమంటే దారి మనమే వెతుక్కోవడం. ఆ వెతుకులాటలోనే బుర్రలోని సొద ఆగుతుంది. ఫోను వెంట రాని చోటు మాకు మిగిలింది ఇదొక్కటే. చెవుల్లో మా బుడగల చప్పుడు తప్ప ఇంకో కబురు లేదు.

మా పెద్దల ఈత బాయిలో మొదలయ్యేది. నడుముకి తాడు, వీపుకి ఎండిన సొరకాయ బుర్రో, బెండో కట్టి మేనమామ బాయిలోకి తోసేవాడు. తరువాతి కాలంలో బుర్రల చోటికి ప్లాస్టిక్ డబ్బా, లారీ ట్యూబు వచ్చాయి. బాయిలో నేర్చినవాడు నీలోకి వచ్చి పరీక్ష ఇచ్చేవాడు, మత్తడి దుంకుతున్న రోజున ఒడ్డున సోపతులంతా చూస్తుండగా. పాఠం మగపిల్లలకే ఎక్కువ అందింది. బతుకమ్మను సాగనంపే ఆడబిడ్డకు నీళ్లు మోకాళ్ల దాకే రాసి ఉండేవి. పూలు నడుమకు పోయేవి, ఆమె గట్టుకు తిరిగి వచ్చేది.

ఆ గట్టు దాటిన మనిషిని తెలుగు నేల చూసింది. గోలి శ్యామల సామర్లకోట ఆడపడుచు, హైదరాబాదు నివాసి. నలభై దాటాక ఈత నేర్చారు. 2021 మార్చి 19న శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి దాకా, పాక్ జలసంధిలో సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. 2012లో అదే జలసంధి దాటిన పోలీసు అధికారి రాజీవ్ త్రివేది ఆమెకు దారి చూపారు. 2024 డిసెంబరు ఆఖరున విశాఖలో దిగి, రోజుకింత చొప్పున ఈదుతూ, కొత్త సంవత్సరం మొదటి వారంలో కాకినాడ ఒడ్డుకి చేరారు. 150 కిలోమీటర్లు. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. సముద్రం కనపడని పీఠభూమి మీది నగరం నుంచి ఈ బారలు అంత దూరం పోయాయి. మోకాళ్ల దాకే అన్న మాటకు ఇంతకంటే పొడుగైన జవాబు ఉంటుందా?

చెరువా, నువ్వంటే మాకు భయం కూడా. దాచుకోం. పోతన గజేంద్రుడు పట్టుబడింది మడుగులోనే, భారతంలో దుర్యోధనుడు దాక్కున్నదీ మడుగులోనే. నీ అడుగున ఏముందో పైనుంచి తెలియదని మా కథలన్నీ చెప్తాయి. పూడిక మట్టి కోసం తవ్విన గుంత మోకాటి లోతు పక్కనే నిలువు లోతు దాచి ఉంచుతుంది. తూము దగ్గర నీళ్లు లోపలికి గుంజుతాయి. గుర్రపుడెక్క వేళ్లు, తూటికాడలు కాళ్లకు చుట్టుకుంటాయి. ఏటా ఎండల్లో, పండుగ సెలవుల్లో నీ ఒడ్డున ఏడ్చే తల్లులున్నారు. అందుకే నిన్ను ప్రేమించినవాళ్లు ఒంటరిగా దిగరు. కట్ట మీది హెచ్చరిక బోర్డును కాదని దిగరు. తాగి దిగరు. నడుముకి నారింజ రంగు గాలితిత్తి కట్టుకుంటారు, దూరం నుంచి కనపడేలా. పక్కన పడవ ఉంచుకుంటారు. నీ లోతు ఎరిగిన గంగపుత్రుల్ని అడిగి దిగుతారు. భయం ఉన్నచోటే ఒళ్లు మెలకువగా ఉంటుంది, ఆ మెలకువే మా ఆనందంలో సగం.

నీ లోతుకు దండం.

మరి ఇంటి ముందున్న హుస్సేన్ సాగర్ సంగతి? ఒకప్పుడు ఊరి గొంతు తడిపిన నీళ్లవి. ఇవాళ అందులో దిగమని ఏ తల్లీ బిడ్డకు చెప్పదు. సికింద్రాబాదు వైపు నుంచి పికెట్ నాలా, పడమటి నుంచి కూకట్‌పల్లి నాలా ఏళ్ల తరబడి మన ఇళ్ల మురుగునూ కార్ఖానాల రసాయనాలనూ తెచ్చి పోశాయి. అయినా జూలైలో రుతుపవనం వీస్తే పడవల తెరచాపలు లేస్తాయి, సెయిలింగ్ పోటీలకు దేశం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. గాలి ఆ చెరువును వదల్లేదు. వదిలింది మనం.

నీళ్లను లెక్క కట్టే కొలతలు మన దేశానికి ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని ఐదు తరగతులు చేసింది. మొదటిది తాగునీటికి పనికొచ్చేది. దాని వెంటనే రెండోది, జనం ఆరుబయట దిగి స్నానం చేయదగ్గది. అందులో లీటరుకు కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, కుళ్లును కొలిచే బీఓడీ 3 మిల్లీగ్రాములు మించకూడదు, 100 మిల్లీలీటర్లలో కోలిఫాం క్రిములు 500 దాటకూడదు. చేపలకు, పొలాలకు పనికొచ్చే నీళ్లు ఆ తరువాతి మెట్ల మీద ఉన్నాయి. అంటే ఈతగాడు అడిగేది విలాసం అనుకోవద్దు. తాగే నీటికి ఒక్క మెట్టు కింద నిలబడి అడుగుతున్నాడు. అతను హాయిగా దిగిన చెరువులో చేపా బతుకుతుంది, పొలమూ బతుకుతుంది.

ఇది జరగని పని కాదు. జ్యూరిక్ నగరం తన సరస్సు నీళ్లు శుద్ధి చేసుకుని తాగుతుంది, వేసవిలో అదే సరస్సులో ఆఫీసు బట్టలు ఒడ్డున పెట్టి ఈదుతుంది. పారిస్‌లో సెన్ నదిలో ఈతను 1923లో నిషేధించారు. నూరేళ్ల తరువాత ఒలింపిక్స్ కోసం దాన్ని కడిగారు. 2024 జూలై 17న ఆ నగర మేయర్ ఆన్ ఇడాల్గో స్వయంగా అందులో దిగి ఈదారు, మరుసటి వేసవిలో జనానికి రేవులు తెరిచారు.

మాకు కావలసింది ఆ తెగువ. చెరువు బాగుపడిందని చెప్పడానికి ఫౌంటెన్లు వద్దు, రంగు దీపాలు వద్దు, శిలాఫలకం అసలే వద్దు. నగర పెద్దలారా, కమిషనర్ గారూ, ఇంజనీరు బాబులూ, ఒక ఆదివారం పొద్దున పిల్లాపాపలతో కట్ట దిగి రండి. మాకంటే ముందు మీరు మునగండి. మీరు ధైర్యంగా తల ముంచిన రోజున ఈ చెరువుకి పెట్టే దండంలో మీ వాటా మీకూ ఇస్తాం.