నవ్వుతున్నది ఎవరిని చూసి?

2012 ఆగస్టు నెలాఖరున 'సుడిగాడు' చూడటానికి ప్రత్తిపాడు నుంచి గుంటూరు వెళ్ళాము. నాతో ఏడుగురు విద్యార్థులున్నారు. అందరూ పత్తి, మిరప పండించే ఇళ్ళ పిల్లలే. ఇద్దరి తండ్రులు కౌలు రైతులు. హాలు నిండివున్నది. పుట్టిన పసిగుడ్డు ఒంటిమీద ఆరు పలకల కండలు కనిపించగానే జనం గొల్లుమన్నారు. ఆ పసివాణ్ణి చంపటానికి తిక్కల్ రెడ్డి వేషంలో జయప్రకాశ్ రెడ్డి వెంటపడుతుంటే నేనూ పడీపడీ నవ్వాను. విరామం తరువాత మాత్రం ఒక సంగతి నాకు తట్టింది. ఈ సినిమాలో ఈల పడుతున్న చోట్లన్నీ అసలు సినిమాలలో ఈల పడే చోట్లే. భక్తితో వేసే ఈలకూ, వెక్కిరింతగా వేసే ఈలకూ తేడా నా చెవికి అందలేదు. తిరుగు బస్సులో పిల్లలను అడిగాను. "ఈల ఈలే గదా మాస్టారూ" అన్నారు.

ఆ జవాబు నన్ను చాలాకాలం వదలలేదు. పేరడీ అనేది తిరుగుబాటు సాహిత్యమని మనలో చాలామంది నమ్మకం. జరుక్ శాస్త్రి శ్రీశ్రీని అనుకరించి నవ్వించిన నాటినుంచీ మనకు ఆ కళ మీద గౌరవం వున్నది. సెర్వాంటిస్ వీరగాథల మీద నవ్వి ఆ గాథల కాలం చెల్లిందని చూపించాడనీ, చాప్లిన్ 1940లో హిట్లర్‌ను తెరమీద నవ్వులపాలు చేశాడనీ తరగతిలో చెబుతుంటాము. అయితే నవ్వినంత మాత్రాన నవ్వబడినది కూలుతుందా? సెర్వాంటిస్ వీరుడి వేషాన్ని గాలిమరల ముందు నిలబెట్టాడు. అంటే లోకం ముందు నిలబెట్టాడు. మన పేరడీ చిత్రం హీరోను ఎవరి ముందు నిలబెడుతున్నది? మరొక హీరో ముందు. ఒక సినిమాను మరొక సినిమాతో కొలవటమే గాని, సినిమాను బ్రతుకుతో కొలవటం లేదు.

'సుడిగాడు' మనం పుట్టించినది కాదు. 2010లో సి.ఎస్. అముదన్ తీసిన 'తమిళ్ పడం' చిత్రాన్ని భీమనేని శ్రీనివాసరావు తెలుగు చేశారు. అరువు కథలను ఎగతాళి చేసే చిత్రం తానే అరువు కథ కావటం చిన్న విశేషం. పెద్ద విశేషం ఇంకొకటున్నది. తమిళ మాతృకను లోకానికి సమర్పించినది దయానిధి అళగిరి. అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధికి మనుమడు, అప్పటి కేంద్ర రసాయనాలు, ఎరువుల మంత్రికి కుమారుడు. తారలను ఎగతాళి చేసే చిత్రం ఏలుబడిలోని ఇంటినుంచే వచ్చిందన్నమాట. అందువల్ల ఆ చిత్రం పనికిరానిదని నేననను. అందులో ఒక గొప్ప ఊహ వున్నది: కనిపించకుండా నేరాలు నడిపే 'డి' ఎవరో కాదు, హీరో నాయనమ్మే, మనుమడికి పేరు రావాలని ఆమే విలన్ అవతారమెత్తింది. హీరో కోసం విలన్‌ను తయారు చేస్తారన్న ఈ నిజం మన వ్యాపార చిత్రాల మర్మాన్ని ఒక్క దెబ్బతో బయటపెట్టగలిగేది. చిత్రం దానిని కూడా ఒక చమత్కారంగా విసిరేసి ముందుకు పోయింది.

మన ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ చెబుతాను. 2003లో బి. గోపాల్ దర్శకత్వంలో 'పలనాటి బ్రహ్మనాయుడు' వచ్చింది. అందులో బాలకృష్ణ తొడగొడితే రైలు వెనక్కి పోతుంది. ఆ ఘట్టాన్ని వెక్కిరించని విద్యార్థి నాకు ఇరవై ఏళ్ళలో కనపడలేదు. చాలా మంచిది, రైలును చూసి నవ్వారు. కాని పేరు సంగతి? పలనాటి కథలో బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒక్క చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించినవాడు, మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనకు ముందు నిలిపినవాడు. ఆ పేరును తీసుకుని తొడగొట్టుడుకు అతికించినందుకు ఎవరైనా నవ్వారా? ఎవరికైనా కోపం వచ్చిందా? పేరడీకి దొరికినది రైలు, దొరకనిది చాప.

ఇదే పలనాటి కథను పొన్నెకల్లు నాజర్ బుర్రకథగా ఊరూరా చెప్పారు. ప్రజానాట్యమండలి తీర్చిన ఆ బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా ఇద్దరు వంతలుంటారని పాఠకులకు తెలుసు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. హాస్యపు వంత ఎత్తిపొడిచిన మాటను రాజకీయపు వంత అందుకుని ఈనాటి ధరలకూ, ఈనాటి దొరలకూ ముడివేస్తాడు. జనం నవ్వుతూనే ఎవరిని చూసి నవ్వుతున్నారో తెలుసుకుంటారు. మన పేరడీ చిత్రాలలో హాస్యపు వంత దివ్యంగా వున్నాడు. రెండో పక్క ఖాళీగా వున్నది.

టెలివిజన్ సంగతి ఎక్కువ చెప్పను. 2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' వచ్చాక తునకలు తునకలుగా పేరడీ ఇంటింటికీ చేరింది. పాత సినిమాలు, తోటి టీవీ కార్యక్రమాలు, ఆడవేషం కట్టిన మగవాళ్ళు, భార్య మీద జోకులు. అమెరికాలో 1977లో జాన్ లాండిస్ 'కెంటకీ ఫ్రైడ్ మూవీ' తీసి, టీవీ వార్తలనూ వ్యాపార ప్రకటనలనూ కూడా తునకల హాస్యంలోకి లాగాడు. మన స్కిట్లలో పురుగుమందు ప్రకటన మీద పేరడీ ఒక్కటి నాకు కనపడలేదు. మిరప రైతు దానిని చూసి నవ్వగలడో లేదో వేరే ప్రశ్న.

ఇక సంపూర్ణేశ్ బాబు. ఇక్కడ నా అభిప్రాయం రెండుసార్లు మారిందని ఒప్పుకోవాలి. సిద్దిపేట వైపునుంచి వచ్చిన ఈ నటుడు 2014లో 'హృదయ కాలేయం'తో హీరో అయ్యాడు. చిత్రం రాకముందే దాని పోస్టరు ప్రచారమయింది. రాజమౌళి కూడా దానిని ప్రస్తావించారు. మన తెరమీద హీరోగిరీ చాలావరకు వారసత్వపు ఆస్తి. 'సుడిగాడు' హీరో అల్లరి నరేశ్ కూడా దర్శకుడు ఇ.వి.వి. సత్యనారాయణ కుమారుడే. ఏ వంశమూ లేని మనిషి హీరో ఠీవి వేసుకుంటే ఆ ఠీవి ఎంత బోలో తెలుస్తుందని నేను సంతోషించాను. 2019లో వచ్చిన 'కొబ్బరి మట్ట'లో ఆయన పాపారాయుడు, పెదరాయుడు, ఆండ్రాయుడుగా మూడు వేషాలు కట్టి, 1995 నాటి 'పెదరాయుడు' మీదికి పోయాడు. ఆ పాత చిత్రంలో ఊరిపెద్ద చెప్పినదే ధర్మం. చెరచబడ్డ పేదపిల్లను చెరచినవాడికే కట్టబెట్టటం అక్కడ మహా తీర్పు. ఇంతకంటే పేరడీకి తగిన వస్తువు వుంటుందా? మా పిల్లల నోట మిగిలింది మాత్రం ఊపిరి తీసుకోకుండా మూడు నిమిషాలు దాటిన డైలాగు. తీర్పు ఎవరికీ గుర్తు లేదు.

'హృదయ కాలేయం' వచ్చిన ఏడాదే మా విద్యార్థులలో ఒకడికి, నల్లగా, కాస్త ఎత్తుపళ్ళతో వుండేవాడికి, తోటివాళ్ళు "సంపూ" అని పేరు పెట్టారు. అతడు మా నాటకాలలో మంచి నటుడు. ముందు తానూ నవ్వాడు. ఆ సంవత్సరం వార్షికోత్సవంలో నాయకుడి వేషం ఇస్తే వద్దన్నాడు. "నేను స్టేజీ ఎక్కితే సీరియస్ డైలాగుకి కూడా నవ్వుతారు మాస్టారూ" అన్నాడు. అప్పుడు నా సంతోషం తగ్గింది. జనం నవ్వినది హీరో ఠీవిని చూసా, ఆ ఠీవికి సాహసించిన పేదవాడి ముఖాన్ని చూసా? చిత్రం రెండింటికీ తలుపు తెరిచే వుంచింది. మావాళ్ళు తేలికైన తలుపులోంచి పోయారు. ఇందులో నటుణ్ణి తప్పు పట్టను. ఆయన తన ముఖాన్ని తాను ధైర్యంగా పెట్టుబడి పెట్టాడు. ఆ పిల్లవాణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు.

మొన్న వేసవిలో ఒక మిరప కల్లం దగ్గర తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. ఒకామె తలగుడ్డ భుజాన వేసుకుని లేచి, కాయ ఒకటి వేళ్ళమధ్య నలిపి, వాసన చూసి, మొహం చిట్లించి, "తాలు ఎక్కువమ్మా, ఈ ధరకు నేనే మునిగిపోతాను" అంటూ యార్డులో కాయ చూసే దలారిని అచ్చు దింపింది. నడక, దగ్గు, జేబు తడుముకోవటం, అన్నీ. ఎవరిని చూసి నవ్వుతున్నారో అక్కడ ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. ఆమె కొడుకు మా విద్యార్థే. నేను చెప్పిన ఆ నటుడు కాదు, వేరొకడు. ఆ ఘట్టాన్ని వచ్చే వార్షికోత్సవానికి నాటిక చేద్దామా అని అడిగితే, అమ్మను ముందు అడగాలన్నాడు. ఆమె ఒప్పుకుంది, ఒక షరతు మీద: దలారి వేషం తానే వేస్తుందట.